సోమవారం వాళ్ళు, శుక్రవారం వాళ్ళు

మా తమ్ముడు మురళి పోయి ఇవాళ్టికి నలభై రోజులు. పొద్దున్నే కంపెనీ బస్సు కోసం పటేల్‌గూడ మలుపులో నిలబడ్డవాడు, పక్కనున్న మనిషిని టైమెంతైందని అడిగి, ఆయన చెప్పేలోపే కూలబడ్డాడట. గుండె ఆగిపోయింది. వాడు నాకంటే రెండేళ్ళు చిన్న. అప్పుడు నేను సంగారెడ్డిలో, మా బడిలో, ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠం చెబుతున్నాను. హెడ్మాస్టరు గుమ్మంలోకి వచ్చి నిలబడి ఏమీ మాట్లాడకపోతే, ఫీజు కట్టని పిల్లవాడెవడికోసమో వచ్చారనుకున్నాను.

పెద్దకర్మ మర్నాటికి చుట్టాలంతా వెళ్ళిపోయారు. మురళి భార్య వాణి లోపలి గదిలో గోడ వైపు తిరిగి పడుకుంది. నాన్న పోయాక మురళి దగ్గరే ఉంటున్న అమ్మ వంటింట్లో, కడిగిన గిన్నెల్నే మళ్ళీ కడుగుతోంది. వాడి కూతురు చిన్ని, పదేళ్ళది, హాల్లో సోఫాకు ఆనుకుని కింద కూర్చుని ఫోనులో కుస్తీ చూస్తోంది. అమెరికా కుస్తీ. మెరిసే బట్టలు వేసుకున్న ఇద్దరాడవాళ్ళు ఒకరినొకరు తాళ్ళ మీదికి విసురుకుంటున్నారు. చావు జరిగిన ఇంట్లో ఇదేమిటని కసరబోయి ఆగిపోయాను. ఆ వయసులో నేనూ, వాళ్ళ నాన్నా చూసింది కూడా అదే.

"అత్తా, వీళ్ళిద్దరూ ఎప్పుడూ కలిసే ఆడేవాళ్ళు. ఇప్పుడు విడగొట్టేశారు. ఈమె సోమవారం షోకి, ఆమె శుక్రవారం షోకి. ఇక కలిసి ఆడరు" అంది చిన్ని, తల ఎత్తకుండా.

"ఎవరు విడగొట్టారు?"

"కంపెనీ వాళ్ళు. ముందు అందరూ ఒకటే షో అంట. తర్వాత విడగొట్టారంట. మళ్ళీ కలిపారంట, మళ్ళీ విడగొట్టారంట. నాన్న చెప్పాడు." ఫోను పక్కన పెట్టి, "మీ చిన్నప్పుడు కాలనీలో మీరు కూడా అలాగే చేశారట కదా. నువ్వే చీటీలు తీశావట" అంది.

"ఇంకేం చెప్పాడు?"

"ఇంకేం చెప్పలేదు. చెప్పు నాన్నా అంటే లేచి బయటికెళ్ళిపోయాడు."

ఇన్నేళ్ళలో ఆ చీటీల మాట మురళి నా దగ్గర ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇద్దరం దగ్గర దగ్గర ఊళ్ళలోనే ఉంటూ, పండగలకూ పబ్బాలకూ కలుస్తూ, పిల్లల చదువుల గురించీ అమ్మ మోకాళ్ళ గురించీ మాట్లాడుకుంటూ, ఆ ఒక్కదాన్నీ తప్పించుకు తిరిగాం.

మా నాన్న పెద్ద ఫ్యాక్టరీలో టర్నరు, లేత్ మిషను మీద ఇనుము చెక్కే పని. తెనాలి దగ్గర పల్లె నుంచి వచ్చి, ఆ ఉద్యోగంతో పాటు ఫ్యాక్టరీ కాలనీలో వచ్చిన రెండు గదుల క్వార్టరులో సంసారం పెట్టారు. మా ఇంటి గడియారం గోడ మీద కాదు, ఫ్యాక్టరీ సైరన్‌లో ఉండేది. నాన్నది పొద్దుటి షిఫ్టయితే అమ్మ చీకటితోనే లేచి స్టవ్వు వెలిగించేది. కిరసనాయిలు వాసనా, ఆ వెనకే పోపు వాసనా దుప్పట్లోకి వచ్చి మమ్మల్ని లేపేవి. నాన్న ఇంటికొచ్చాక పెరట్లో పీట వేసుకుని, చేతులకు రంపపు పొట్టు రుద్దుకుని, ఆ తర్వాత బట్టల సబ్బుతో మోచేతుల దాకా కడుక్కునేవారు. ఎంత కడిగినా గోళ్ళ చుట్టూ నల్లటి గీత పోయేది కాదు. అన్నం కలుపుతున్నప్పుడు ఆ గీత వంక చూస్తూ ఉండేదాన్ని. సాయంత్రం గాలి పటాన్‌చెరు వైపు నుంచి తిరిగితే మందుల కంపెనీల వాసన వచ్చేది. కుళ్ళిన క్యాబేజీ లాంటి ఘాటు వాసన. అమ్మ పరిగెత్తుకెళ్ళి డాబా మీద ఎండబెట్టిన వడియాల మీద చీర కప్పేది, వాసన పట్టేస్తుందని. ఆ వడియాలు వేయించినప్పుడు నాన్న వాసన చూసి, "ఈసారి ఏ కంపెనీదే ఇది?" అనేవారు. అమ్మకు కోపం వచ్చేది.

నాన్నకు రాత్రి షిఫ్టు పడిన వారం ఇంట్లో పగలంతా గుసగుసలే. ఆయన ముందు గదిలోనే, కళ్ళ మీద తడి తువ్వాలు వేసుకుని పడుకునేవారు. టీవీ ఉన్నదీ ఆ గదిలోనే. సెలవు రోజున కుస్తీ వచ్చే వేళకు మురళీ నేనూ పిల్లుల్లా వెళ్ళి, శబ్దం పూర్తిగా తగ్గించేసి, తెరకు జానెడు దూరంలో కూర్చునేవాళ్ళం. శబ్దం లేని కుస్తీ చూడటం వింతగా ఉంటుంది. కొండంత మనిషి తెప్పలా వెల్లకిలా పడతాడు, జనం నోళ్ళు తెరుచుకుంటాయి, ఏమీ వినపడదు. అందుకని మురళి చెవిలో నేను గుసగుసగా చెప్పేదాన్ని: "ఇప్పుడు లేచాడు... వీడు మోసం చేయబోతున్నాడు... రిఫరీ చూడట్లేదు..." వాడు నవ్వాపుకోలేక మోకాలు కొరుక్కునేవాడు. అక్కడ మొదలైంది నా పెత్తనం. ఆట ఎలా నడవాలో చెప్పేదాన్ని నేను.

నాకు పదమూడేళ్ళు వచ్చిన ఏడు ఎండాకాలం కాలనీలో వాడకం లేని పంపుహౌసు వెనక మేమే ఒక రింగు కట్టాం. పటేల్‌గూడలో పప్పుల వ్యాపారం చేసే సేటు కొడుకు సంతోష్ ఖాళీ గోనె సంచులు తెచ్చిచ్చాడు. వాటిని ఇసుక మీద మూడు వరసలు పరిచి, నాలుగు మూలలా వెదురు పాతి, కొబ్బరి తాడు చుట్టాం. గోనె సంచుల్లోంచి కందిపప్పు దుమ్ము లేచి ముక్కుల్లోకి వెళ్ళేది. ఆడుతున్నంతసేపూ అందరికీ తుమ్ములే. పదహారు మంది మగపిల్లలు, పది మంది కాలనీ వాళ్ళు, ఆరుగురు గోడ అవతలి పటేల్‌గూడ వాళ్ళు. గోడకు ఒక చోట రాళ్ళూడి సందు ఉండేది. వాళ్ళు అందులోంచి వచ్చేవాళ్ళు. నేనొక్కదాన్నే ఆడపిల్లను. ఎవరు ఎవరితో ఆడాలో, ఎవరు గెలవాలో నేనే నిర్ణయించేదాన్ని. టీవీలో జరిగేది నిజం కాదనీ, ముందే అనుకుని ఆడతారనీ నాన్న చెప్పినప్పుడు మురళి ఒక రోజంతా అన్నం తినలేదు. నాకు మాత్రం అదే నచ్చింది. అయితే ఎవరో ఒకరు కూర్చుని ఇదంతా అనుకోవాలి కదా!

ఆ ఆటలో ఒక సంగతి ఉంది. ఎత్తు నుంచి దూకేవాడి ప్రాణం దూకేవాడి చేతిలో ఉండదు, కింద ఉన్నవాడి చేతిలో ఉంటుంది. చూసేవాళ్ళకు కింద ఉన్నవాడు చితికిపోయినట్టు కనిపించాలి. నిజానికి వాడు రెండు చేతులూ సరిగ్గా చాపి, పైవాడి బరువు ఛాతీ మీదికి తీసుకుని, నేలకు తగలకుండా పక్కకు దొర్లించాలి. మా పదహారు మందిలో ఆ పని తెలిసినవాళ్ళు ఇద్దరే. నర్సింలు దూకేవాడు, మురళి పట్టేవాడు. నర్సింలుది పటేల్‌గూడ. వాళ్ళ నాన్న మా కాలనీలోనే మురుగు కాలవలు బాగుచేసే కూలి. సన్నగా, పొడుగ్గా, నల్లగా ఉండేవాడు నర్సింలు. పంపుహౌసు మెట్ల గోడ మీద నిలబడి, రెండు చేతులూ చాపి, "మురళీ, ఉన్నవా?" అని అరిచేవాడు. "ఉన్నా!" అని వీడు కింద నుంచి అరిచేవాడు. అంతే, కళ్ళు మూసుకుని దూకేసేవాడు. కళ్ళెందుకు మూసుకుంటావురా అంటే, "చూస్తే భయమైతది అక్కా. వాడున్నడు గద, ఇగ నేను చూసుడెందుకు?" అన్నాడొకసారి.

సరిగ్గా ఆ రోజుల్లోనే టీవీలో ఆ ప్రకటన వచ్చింది. ఆ ఒక్కసారి శబ్దం కాస్త పెంచుకుని విన్నాం. కుస్తీ కంపెనీలో మనుషులు ఎక్కువైపోయారు, అందుకని అందర్నీ రెండుగా విడగొట్టి రెండు వేరు వేరు షోలు నడుపుతాం అన్నారు. ఇద్దరు పెద్దలు వేదిక మీద నిలబడి, ఒకరి తర్వాత ఒకరు పేర్లు పిలిచి వాటాలు పంచుకున్నట్టు పంచుకున్నారు. ఏళ్ళ తరబడి జంటగా ఆడిన ఇద్దరిని చెరోవైపు వేసేశారు. ఆ ఇద్దరూ లోపలి గదిలో టీవీలో తమ పేర్లు విని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అది కూడా నటనేనని నాకు తెలుసు. మురళి నా చెయ్యి పట్టుకుని, "అలా ఎలా విడగొడతారక్కా? వాళ్ళని అడగరా?" అన్నాడు. నాన్న నిద్రలోనే "ఉష్" అన్నారు.

ఆ తర్వాత వారమో పది రోజులకో కాలనీలో రెండు సైకిళ్ళు పోయాయి. ఎవరు తీశారో ఎవరికీ తెలియదు, ఇప్పటికీ తెలియదు. గోడ సందులోంచి వచ్చే పిల్లల మీదికి పోయింది అనుమానం. సెక్యూరిటీ ఆయన మా ఇంటికి వచ్చి నాన్నతో మాట్లాడాడు. మీ పిల్లలే బయటి వాళ్ళను లోపలికి రానిస్తున్నారట, ఇది పై వాళ్ళ దాకా వెళ్తే మీకే ఇబ్బంది అన్నాడు. నాన్న చేతులు చూసుకుంటూ కూర్చున్నారు. ఆయన వెళ్ళాక అమ్మ నన్ను పెరట్లోకి పిలిచింది.

"పద్మా, ఆ ఊరి పిల్లల్ని మెల్లగా వదిలించండే. గొడవ పెట్టుకోకండి, వాళ్ళ మనసు కష్టపెట్టకండి. ఏదో ఒక వంక చెప్పు. నీకు తెలివుందిగా."

"నర్సింల్ని కూడానా? వాడు మనింట్లో అన్నం తిన్నాడమ్మా."

అమ్మ చీర చెంగుతో మొహం తుడుచుకుంది. "నేనేమైనా వాడు దొంగన్నానా? మీ నాన్న ఉద్యోగం మీద ఇంతమందిమి బతుకుతున్నాం. వాడిని కూడా వదిలించు" అంది.

తెలివుందిగా అన్న మాట నాకు గర్వంగా తోచింది. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది గానీ, అప్పుడు గర్వమే. పదమూడేళ్ళ దాన్ని. పెద్దవాళ్ళు చెయ్యలేని పని నాకు అప్పగించారు. వంక ఎదురుగా టీవీలోనే ఉంది. మర్నాడు రింగు దగ్గర అందర్నీ కూర్చోబెట్టి, మనమూ రెండు షోలు చేద్దాం అన్నాను. సోమవారం జట్టు ఇక్కడ కాలనీలో ఆడుతుంది, శుక్రవారం జట్టు పటేల్‌గూడలో సంతోష్ వాళ్ళ గోదాములో ఆడుతుంది, ఎవరెటు అన్నది చీటీలు తేలుస్తాయి అన్నాను. పిల్లలు కేకలు పెట్టి గంతులేశారు. టీవీలో చేసినట్టే మనమూ చేస్తున్నామన్న సంబరం. నర్సింలు మాత్రం, "అక్కా, నేనూ మురళీ ఒక్కటే చీటీ గద? జోడీ గద?" అని అడిగాడు.

"జోడీలైనా విడివిడి చీటీలే. అక్కడ కూడా విడదీశారు, చూడలేదా?" అన్నాను.

చీటీలు ముందురోజే రాసి పెట్టుకున్నాను. పటేల్‌గూడ పిల్లల చీటీలకు ఒక మూల చిన్నగా మడిచాను, వేలికి తగిలేలా. పాలపిండి డబ్బాలో వేసి ఊపి, ఒకటి సోమవారానికి, ఒకటి శుక్రవారానికి, నేనే తీస్తూ పోయాను. కళ్ళు మూసుకున్నట్టు నటిస్తూ వేలితో మూలలు వెతికాను. అనుమానం రాకుండా కాలనీ పిల్లల్లో ఎప్పుడో ఒకసారి వచ్చే ఇద్దరిని శుక్రవారంలో వేశాను. నర్సింలు పేరు శుక్రవారంలో చదివినప్పుడు మురళి ఏడ్చేశాడు. "మళ్ళీ తియ్యి అక్కా, మళ్ళీ తియ్యి" అని నా లంగా పట్టుకు లాగాడు. నేను తీయలేదు. నర్సింలు వాడి భుజం మీద చెయ్యేసి, "ఏడుస్తవేందిరా, టీవీల గూడ మల్ల కలుపుతరు, పెద్ద మ్యాచిల" అన్నాడు. లేచి, గోనె సంచి దుమ్ము దులుపుకుని, తన వాళ్ళను వెంటేసుకుని గోడ సందులోంచి వెళ్ళిపోయాడు. మరో రెండు రోజులకు ఆ సందు సిమెంటుతో పూడ్చేశారు.

సోమవారం షో రెండు వారాలు నడిచి ఆగిపోయింది. దూకేవాడు లేని కుస్తీ ఎవరికి కావాలి? పిల్లలు క్రికెట్ బ్యాట్లు తీశారు. శుక్రవారం షో మాత్రం బాగా నడుస్తోందని బడులు తెరిచాక సంతోష్ చెప్పేవాడు. నన్ను ఒకసారి వచ్చి చూడమన్నాడు. నేను వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? నాలుగో శుక్రవారమో, ఐదో శుక్రవారమో, నర్సింలు గోదాములో కందుల బస్తాల దొంతర మీది నుంచి దూకి, గచ్చు మీద పడ్డాడు. ఎడమ మోచెయ్యి నుజ్జయింది. వాళ్ళ నాన్న ఊళ్ళో కట్టు కట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాడు. రెండు నెలలకు కట్టు విప్పితే చెయ్యి వంగినది వంగినట్టే ఉండిపోయింది. సగం ముడిచిన గొడుగులా.

ఆ వార్త తెలిసిన రోజు మురళికి జ్వరం వచ్చి వారం రోజులు మంచం దిగలేదు. అమ్మ దిష్టి తీసింది, బొంతపల్లి వీరభద్రస్వామికి మొక్కుకుంది. నేను వాడి తల దగ్గర కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ వేస్తుంటే, వాడు కళ్ళు తెరిచి నన్ను చూసి మళ్ళీ మూసుకునేవాడు. నా మీద కోపమనుకున్నాను. జోడీని విడగొట్టకపోతే కింద వాడుండేవాడు, పట్టేవాడు. లెక్క తేలిగ్గా కుదిరిపోయింది. ఆ చెయ్యి నేనే విరిచాను. పదమూడేళ్ళకు కుదిరిన ఆ లెక్కను నేను మళ్ళీ విప్పి చూడలేదు. డిగ్రీ చదువుతున్నప్పుడు, పెళ్ళి పీటల మీద, బడిలో పిల్లల్ని రెండు జట్లుగా నిలబెట్టినప్పుడు కూడా, ఎక్కడినుంచో ఆ వంగిన చెయ్యి గుర్తొచ్చేది.

పదో తరగతి తర్వాత మురళీ నర్సింలూ ఇద్దరూ ఐటీఐలో చేరారు. చదువయ్యాక మురళికి పాశమైలారంలో ఒక కంపెనీలో ఫిట్టరుగా పని దొరికింది. నర్సింల్ని చెయ్యి చూసి ఎవరూ తీసుకోలేదు. కూలికి వెళ్ళాడు, కూరగాయల బండి పెట్టాడు, ఒక ఏడాది ఇంట్లోనే కూర్చున్నాడు. చివరికి మురళి ఎవరెవరినో బతిమాలి, తన కంపెనీకి రెండు గేట్ల అవతల, వచ్చే లారీల నంబర్లు రాసుకునే పనిలో పెట్టించాడు. ఆదివారం వస్తే మురళి నర్సింలు ఇంట్లోనైనా ఉండేవాడు, నర్సింలు మురళి ఇంట్లోనైనా ఉండేవాడు. అమ్మ ఇద్దరికీ కలిపి వడ్డించేది. ఒకప్పుడు వదిలించమన్న పిల్లాడికి, పెరుగులో మీగడ తీసి వేసేది. వాడు ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని తలొంచుకుని తినేవాడు. అప్పుడప్పుడు నేను వెళ్తే, "మంచిగున్నవా అక్కా?" అనేవాడు. అంతకు మించి మా మధ్య మాటలు సాగేవి కావు. నేనే సాగనిచ్చేదాన్ని కాదు.

మొన్న చిన్ని ఆ మాట అన్న రోజు మధ్యాహ్నం నర్సింలు వచ్చాడు. ముందు రోజు కర్మలో కుర్చీలు మోయడం దగ్గర్నుంచి ఆకులు ఎత్తడం దాకా అన్నీ వాడే చూసుకున్నాడు. ఇప్పుడు షామియానా వాళ్ళకు సామాను అప్పగించడానికి వచ్చాడు. జుట్టు సగం నెరిసింది. అపార్ట్‌మెంటు మెట్ల మీద కూర్చుని బీడీ వెలిగించబోయి, నన్ను చూసి జేబులో పెట్టేసుకున్నాడు. నేను కింది మెట్టు మీద కూర్చున్నాను. చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేననిపించింది.

"నర్సింలూ, ఆ రోజు చీటీలు... నేను కావాలనే అలా తీశాను. ముందే గుర్తు పెట్టుకున్నాను. మీ వాళ్ళందర్నీ అటు పంపించెయ్యాలని."

వాడు నవ్వాడు. నిజంగానే నవ్వాడు. "ఎర్కే అక్కా. మా దిక్కు పోరగాండ్లందరు ఒక్క దిక్కే పడ్డరు. గంత సమజ్ గాదా మాకు? సంతోష్ గాడు గా రోజే అన్నడు, అక్క మనల్ని ఎల్లగొట్టిందిరా అని. నేనే ఊకోరా అన్న. ఎల్లగొట్టేటోళ్ళు మస్తుమంది ఉండె గప్పుడు. నువ్వు జెర ఇజ్జత్‌తోని ఎల్లగొట్టినవ్."

నాకు ఏడుపొచ్చింది. "నేనలా చెయ్యకపోతే మురళి నీ కింద ఉండేవాడు కదరా. పట్టుకునేవాడు కదా. నీ చెయ్యి ఇలా అయ్యేది కాదు కదా. ఇన్నేళ్ళూ నిన్ను చూసినప్పుడల్లా..."

రోడ్డు మీద ఇసుక లారీ ఒకటి వెళ్ళింది. నర్సింలు ఆ దుమ్ము తగ్గేదాకా చూసి, నెమ్మదిగా అన్నాడు.

"ఉండె అక్కా."

"ఏంటి?"

"వాడు గాడనే ఉండె. నువ్వు ఇడగొట్టినంక గూడ ప్రతి శుక్రవారం వస్తుండె. నల్లా పైపు మీదికెల్లి గోడ దుంకి వస్తుండె. మీ అమ్మకు చెప్పొద్దని ఒట్టు ఏయించుకున్నడు అందరితోని. గా రోజు గూడ నేను బస్తాల మీద నిలవడి ఉన్నవా అంటే, ఉన్నా అన్నడు. నేను దుంకిన." కుడి చేత్తో ఎడమ మోచేతిని ఒకసారి తడుముకున్నాడు. "గదే టైముకు మీ నాన్న సైకిలు షట్టర్ ముంగట ఆగింది. పప్పు కోసం వచ్చినట్టున్నడు. మురళి గది సూసిండు. సూసి, పక్కకు జరిగి బస్తాల ఎనక దాక్కున్నడు. గంతే. గా ఎనక దర్వాజకెల్లి ఉరికిండు."

నేను మెట్టు అంచు పట్టుకున్నాను. నాన్న ఆ రోజు ఇంటికి వచ్చి, గోదాములో పిల్లాడెవడో పడ్డాడే పాపం అని అమ్మతో అనడం గుర్తుంది. అప్పుడు మురళి ఎక్కడున్నాడో గుర్తు లేదు.

"నువ్వెప్పుడూ కళ్ళు మూసుకుని దూకేవాడివి కదరా? నీకెలా తెలుసు?"

"గా రోజు తెరిచిన. బస్తాలు కొత్త జాగ గద, భయమైంది, తెరిచిన. గాలిల ఉండంగ సూసిన అక్కా, వాడు జరుగుడు. వాని మొకం గూడ సూసిన." వాడి గొంతు మారలేదు. కంపెనీ గేటు దగ్గర లారీ నంబరు చెప్పినంత మామూలుగా చెప్పాడు. "నేను సూసిన్నని వానికి తెల్వదు. కళ్ళు మూసుకునే దుంకిండు, నేను జరిగిన సంగతి వీనికి తెల్వదు అనుకున్నడు. గట్లనే అనుకుంట పోయిండు."

ఇరవై ఏళ్ళకు పైగా ఆదివారం ఆదివారం ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నారు వాళ్ళిద్దరూ. వంగిన చెయ్యి మధ్యలో ఉంది. ఒకడు తాను పారిపోయిన సంగతి దాచాడు, ఇంకొకడు తాను చూసిన సంగతి దాచాడు. నేను వాళ్ళకు దూరంగా సంగారెడ్డిలో కూర్చుని, ఆ పాపమంతా నా ఒక్కదానిదేనని ఒకరకంగా గర్వపడ్డాను కూడా. ఇప్పుడు చూస్తే నా వాటా తగ్గలేదు. ఇంకా పెరిగింది. నేను విరిచింది ఒక చెయ్యి అనుకున్నాను. ఇంటికి తెలియకుండా గోడ దూకాల్సిన పరిస్థితి నేను తెచ్చిపెట్టాను మా తమ్ముడికి. నాన్న సైకిలు చూస్తే దాక్కోవాల్సిన పరిస్థితి. పదకొండేళ్ళ పిల్లాడు అర క్షణంలో చేసిన పనిని తనకు ముప్ఫై అయిదేళ్ళు దాటేదాకా మోశాడు. మోస్తూ మోస్తూ బస్టాపులో కూలబడ్డాడు. డాక్టరు కొవ్వన్నాడు, బీపీ అన్నాడు. అవీ నిజమే అయ్యుంటాయి.

"ఒక్కసారైనా చెప్పాల్సింది కదరా వాడికి. చూశాను, పోనీలే అని. వాడి మనసు తేలికయ్యేది" అన్నాను.

నర్సింలు అడ్డంగా తలూపాడు. "లే అక్కా. వాడు గట్లాంటోడు గాదు. నాకు ఎర్కున్నదని తెలిస్తే ఇగ నా మొకం సూడకపోతుండె. ఆదివారం వచ్చుడు బంద్ జేస్తుండె. చెయ్యెట్లనో పాయె. వాణ్ణి గూడ పోగొట్టుకోవాల్నా?"

పైనుంచి అమ్మ పిలిచింది, నర్సింల్ని భోంచేసి వెళ్ళమని. వాడు తర్వాత వస్తానని చెప్పి షామియానా కట్టెలు లెక్కపెట్టడానికి లేచాడు. నేను పైకి వెళ్ళాను. ఏమంటున్నాడే అని అమ్మ అడిగితే, ఏం లేదు, సామాను సంగతి అన్నాను. అమ్మకు చెప్పలేదు, వాణికీ చెప్పలేదు. ఇప్పుడు మా కాలనీ క్వార్టర్లలో సగానికి తాళాలు పడి ఉన్నాయి. పంపుహౌసు పడగొట్టారు. గోదాము స్థానంలో ఆరంతస్తుల అపార్ట్‌మెంటు లేచింది. ఆ రోజు అక్కడున్న పిల్లలు ఎవరెక్కడున్నారో తెలియదు. ఇక ఎవరూ అడగరు, ఎవరికీ అక్కర్లేదు. చిన్ని చూసే షోలో విడగొట్టిన ఆ ఇద్దరినీ ఏదో ఒక రోజు మళ్ళీ కలుపుతారట, అలా కలపడం వాళ్ళకు మామూలేనట. అది నాకు చెప్పి, సంతోషించమన్నట్టు నా వంక చూసింది.

ఇది రాయాలా వద్దా అని చాలా రోజులు తర్జనభర్జన పడ్డాను. చివరికి గత ఆదివారం నర్సింలుకు ఫోన్ చేసి, ఆ రోజు నువ్వు చెప్పింది కాగితం మీద పెట్టనా, నీకేమైనా అభ్యంతరమా అని అడిగాను. వెనక లారీ హారన్లు వినిపిస్తున్నాయి. ఆదివారం పూట కూడా డ్యూటీకి వెళ్తున్నాడట ఇప్పుడు, ఇంట్లో ఉంటే తోచడం లేదని.

"రాస్కో అక్కా. ఇగ వాడు సదవడు గద" అన్నాడు.